గళ్ల కాగితం

మంగళవారం, శుక్రవారం.
తొమ్మిదింటికి డ్రెస్సింగ్ రూము తలుపు తీసేసరికి
బెంచీ ముందు పాదాలు వరసగా ఉంటాయి,
మనుషులు వాటి వెనక.

పుండు మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరచి
మార్కరుతో అంచు వెంట గీస్తాను.
తర్వాత గళ్లు లెక్కపెడతాను.
సగం మించితే గడి, సగం లోపైతే లేదు.

పద్నాలుగు గళ్లు గౌస్ మియాకి.
బేగంబజారులో తాళాలు బాగుచేస్తాడు.
తెరుచుకోని వాటితో నలభై ఏళ్లు గడిపినవాడికి
మడమ దగ్గర
మూసుకోనిది ఒకటి దొరికింది.

కవర్లు అల్మారాలో ఉంటాయి, సీలు వేసి.
చించితేగాని తెలియదు
ఎవరికి తేనె, ఎవరికి వెండి,
ఎవరికి ఉప్పునీళ్లలో తడిపిన ఉత్త గాజుగుడ్డ.

"చాయ్‌ల చక్కెర బంద్ జేయించిన్రు,
ఇగ కాలికి తేనె తాగిపిస్తున్రా?" అన్నాడు మియా.
గుడిమల్కాపూర్‌లో బంతిపూలు తూచే బాలనర్సమ్మ
తన చీటీ చూసి పడీ పడీ నవ్వింది.
"పట్టీలకే వెండి దొరకలే సిస్టర్ నాకు,
పుండుకు దొరికిందా!"
హోంగార్డు లింబాద్రి మాత్రం ఏమీ అనలేదు.
గాజుగుడ్డ.
మెహదీపట్నం సిగ్నల్ దగ్గర పదకొండేళ్లు నిలబడి
నరాలు తాళ్లలా ఉబ్బిన కాలు.

గాజుగుడ్డ ఎండితే కొత్త చర్మాన్ని పట్టుకుని లేస్తుంది.
ఎంత తడిపినా, ఎంత మెల్లగా లాగినా.
లింబాద్రి పళ్ల మధ్య విజిల్ పెట్టుకుంటాడు.
ఒక్కోసారి అది కూస్తుంది.
బెంచీ అంతా ఒక్క క్షణం ఆగిపోతుంది.

మూడో వారం మియా పక్కలోకి చీమలొచ్చాయి.
ఐదో వారం వెండి కింద
బాలనర్సమ్మవి తొమ్మిది ఏడయ్యాయి. ఏడు ఎనిమిదయ్యాయి.
తెల్లవారుజాము మూడింటికి తడి గోనెల మీద నిలబడే పాదం,
ఎంత ఖరీదైన పట్టీ అయినా ఆరింటికల్లా నానిపోతుంది.
లింబాద్రివి పన్నెండు, ఎనిమిది, మూడు.

డాక్టరమ్మ కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుంది.
గాజుగుడ్డకా?

కాదు మేడం. బైకు గుద్ది మణికట్టు విరిగింది అతనికి.
ఇప్పుడు కెమెరాల గదిలో డ్యూటీ,
ఎదురుగా ఇంకో కుర్చీ వేసుకుని కాలు దాని మీద పెడుతున్నాడు.

ఫారంలో కుర్చీకి గడి లేదు.
"అది మనం ఇచ్చిన మందు కాదు కదా," అంది ఆవిడ,
కోపంగా కాదు.
నేను మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకున్నాను: కుర్చీ.
కింద, ఎందుకో, గోనె అని కూడా.

వాడిన కాగితాలు పారేయబుద్ధి కాదు.
డెట్టాలుతో తుడిచి, తేదీల వరసన పేర్చి
కిటికీకి ఆనిస్తే
ఒకదాని లోపల ఒకటి గీతలు, లోపలికి లోపలికి.
మా రామంతాపూర్ చెరువు కూడా ఇలాగే చిన్నదయింది.
దాన్ని మానడం అనరు.

బాలనర్సమ్మ రావడం మానేసింది.
పూల సీజను. ఆమె పేరు ఎదుట
'రాలేదు' అని రాసే గడి మాత్రం ఉంది.

నిన్న అల్మారా తాళం పట్టేసింది.
ఆయమ్మ కొబ్బరినూనె పోసింది, వాచ్‌మన్ సుత్తి తెస్తానన్నాడు.
కట్టు విప్పిన కాలు స్టూలు మీద పెట్టుకునే
గౌస్ మియా నా హెయిర్ పిన్ అడిగాడు.
రెండు నిమిషాలు. టక్.
లోపల మిగిలిన కవర్లు చూసి, "వీటిల నాది ఉందా?" అన్నాడు.
నీది ఎప్పుడో చించేశాం మియా.

తలుపు తెరుచుకున్నా వదల్లేదు అతను.
మూశాడు. చెవి ఆనించాడు. మళ్లీ తీసి మళ్లీ మూశాడు.
"తెరిస్తే సగం పనే సిస్టర్.
సరిగ మూసుకుంటదా, గది సూడాలె."

తర్వాత కాలు చాపాడు.
పది గళ్లు.
పదకొండోది సగం మించిందా, సగం లోపా
కాగితాన్ని వెలుగుకి పట్టుకుని
ఇంకా చూస్తున్నాను.